అరవయ్యో నెంబరు చిచ్చుబుడ్డి

మా ఇంట్లో నూలు కట్టల మీద నెంబరు చదివేది నేనే. మా నాయన నాకు అక్షరాలకన్నా ముందు అంకెలు నేర్పించాడు. ఇరవయ్యో నెంబరంటే ముతక నూలు, దుప్పట్లకు పనికొస్తుంది. నలభై అయితే పంచెలకు. అరవై, ఎనభై చీరలకు. నెంబరు పెరిగేకొద్దీ దారం సన్నమవుతుంది. నగరిలో మగ్గమున్న ఏ ఇంట్లో అడిగినా ఏడేళ్ళ పిల్ల కూడా ఈ మాట తడుముకోకుండా చెబుతుంది.

ఇది ముందుగా ఎందుకు రాస్తున్నానంటే, వ్యయ నామ సంవత్సరం, అంటే 1946, దీపావళికి నన్ను ఆసుపత్రి పాలు చేసింది ఈ చదువే. అప్పటికి నాకు అరవై రెండేళ్ళు నిండి నాలుగు నెలలు. జరిగింది జరిగినట్టు తిథులతో సహా రాసి పెడుతున్నాను. కొంత నా మనసు కుదుటపడడానికి. కొంత, పిల్లలకు మందుగుండు కొనేవాళ్ళ చేతుల్లో ఈ కాగితాలు పడతాయేమోనని.

యుద్ధం జరిగినన్నాళ్ళూ మా వైపు మందుగుండు సరిగా దొరకలేదు. నా మనవరాలు దేశమ్మ యుద్ధం మొదలైన ఏడు పుట్టింది. ఏడేళ్ళు వచ్చాయి, చిచ్చుబుడ్డి అంటే ఎట్లా ఉంటుందో ఎరగదు. నేల మీద నుంచి వెలుగు చెట్టు మొలిచినట్టు మొలుస్తుందని నేనే చెప్పి ఆశ పెట్టాను. అందుకని నా కొడుకు చెంగల్రాయుడు ఆశ్వయుజ బహుళ ద్వాదశి నాడు తిరుపతిలో చీరలు ఇచ్చి వస్తూ రెండు అట్టపెట్టెలు తెచ్చాడు. రెండింటి మీదా ఒకటే బొమ్మ: పావడా కట్టుకున్న చిన్నపిల్ల అరచేతిలో చిచ్చుబుడ్డి పట్టుకుని నవ్వుతోంది. బొమ్మ కింద ఒక పెట్టెకు ఇరవై అనీ, ఇంకో పెట్టెకు అరవై అనీ అచ్చు వేశారు. అంతకు మించి ఒక్క మాట లేదు.

విప్పి చూశాను. రెండు పెట్టెల్లోనూ మట్టిబుడ్లే. బయటికి అన్నీ ఒకే ఎత్తు. తేడా లోపల మందులో ఉందనుకున్నాను. ఇరవైలో ముతక మందు, అరవైలో సన్న మందు. ఎవరినీ అడగలేదు. నెంబరు సంగతి మా ఇంట్లో నన్ను అడగాలి గాని నేనెవరిని అడుగుతాను.

చతుర్దశి నాడు తలంట్లు అయ్యేసరికి తూర్పున నగరి ముక్కుకొండ మీద ఆకాశం తెల్లబడుతోంది. దేశమ్మ తడిజుట్టుతోనే వాకిట్లోకి వచ్చి, బొమ్మలో పిల్ల పట్టుకున్నట్టే తన చేతికి ఇమ్మని అడిగింది. నేను అరవయ్యో నెంబరు పెట్టె తెరిచాను. మొదటిది నేను ముట్టించి చూస్తాననీ, రెండోది దాని చేతికిస్తాననీ చెప్పాను. ఈ రెండో మాట రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

నా కోడలు మునెమ్మ గడప మీద నిలబడి చూస్తోంది.

"రొంత దూరంగా పెట్టు అత్తా. అది ఎంతదో ఏమో" అంది.

"అరవయ్యోది, సన్నది. ఇరవై అయితే నువ్వు చెప్పినట్టే దూరం పెడ్తును" అన్నాను.

అని, బుడ్డిని కాళ్ళ దగ్గరే పెట్టి, వంగి, మూతి ఎక్కడుందో కనపడక ఇంకొంచెం వంగి, కాకరవత్తి తాకించాను.

చప్పుడు నాకు గుర్తులేదు. తెలుపు గుర్తుంది. కొత్తగా గంజి పెట్టి ఎండలో చాచిన పడుగు దారాల లాంటి తెలుపు, ఈ కొస నుంచి ఆ కొసకు. అందులో నేను ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. చాలాసేపు నిలబడ్డాననిపించింది. మునెమ్మ మాత్రం రెండు రెప్పపాట్లు కూడా కాలేదంటుంది. ఆ తర్వాత తెలుపు ఎర్రబడింది, ఎరుపు ఊదారంగైంది. అద్దకం తొట్టిలో నూలు ముంచినట్టు ఒక్కో రంగులో మునిగి, చివరికి నల్లగా అయిపోయింది. ఎవరో నా తల మీద నీళ్ళు పోస్తున్నారు. దేశమ్మ గొంతు ఎక్కడా వినపడలేదు. దానికి ఏమైందని నేను అడిగానట, తొమ్మిదిసార్లు అడిగానట. దానికేమీ కాలేదు. గడప లోపలికి పరిగెత్తి, రాట్నం వెనక కూర్చుండిపోయిందట.

పండగ పూట చిత్తూరుకు బస్సు లేదు. ఆ పగలంతా ఇంటినిండా మనుషులు. పుత్తూరుకు తీసుకుపొమ్మని ఒకరన్నారు. పుత్తూరులో విరిగిన ఎముకలు కడతారు గాని కాలిన కళ్ళు కట్టరని నేను చాప మీద పడుకునే చెప్పాను. నోరు బాగానే ఉందని ఎవరో నవ్వారు. పక్కింటి కుప్పమ్మ చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొచ్చి, బిడ్డ పాలల్లోంచి నాలుగు చుక్కలు నా రెప్పల మీద పిండింది. చల్లగా ఉంది. తర్వాత ఆ సంగతి చెబితే డాక్టరు మందలించలేదు, మెచ్చుకోనూ లేదు. కుప్పమ్మకు ఆ పూట బిడ్డకే పాలు చాలడంలేదని నాకు తర్వాత తెలిసింది.

అమావాస్య పొద్దున బొగ్గు పొగతో నడిచే మొదటి బస్సులో చిత్తూరుకు బయలుదేరాం. కళ్ళమీద తడిగుడ్డ. చెంగల్రాయుడి భుజం మీద నా తల. ఆ దారి నేను చాలాసార్లు చూసిందే, కనుక మలుపులు లెక్కపెట్టుకుంటూ ఎక్కడున్నానో తెలుసుకోవచ్చనుకున్నాను. పదకొండో మలుపు దగ్గర లెక్క తప్పింది. తప్పాక బస్సు నేల మీద పోతున్నట్టు అనిపించలేదు. మామిడితోపులన్నీ కిందికి పోయి, మేము వాటి తలల మీదుగా తేలిపోతున్నాం. నాకు భయం వేయలేదు. భయం బస్సు ఆగినప్పుడు వేసింది.

ఆసుపత్రి వరండాలో పొడుగాటి బల్ల. నా ముందు పద్నాలుగు మంది ఉన్నారని చెంగల్రాయుడు చెప్పాడు. పేరు పిలిచినప్పుడల్లా బల్ల మీద అందరూ ఒక మనిషంత దూరం జరిగేవారు. కళ్ళు కనపడని వాళ్ళు ఎక్కువ కాబట్టి పక్కవాళ్ళ మోకాలు తగిలితే జరిగేవారు. ఒకరి మోకాలు నుంచి ఒకరి మోకాలుకు కదలిక వస్తూ ఉంటే, మగ్గంలో నాడె ఇటునుంచి అటు పోయినట్టుండేది. నా పక్కన ఎవరో ముసలాయన. ఎవరి తాలూకని అడగలేదు, ఏమైందని అడగలేదు. తన వంతు వచ్చినప్పుడు, "ఈయమ్మను ముందు పంపీండప్పా. నాది పాతది, నిలుస్తాది" అన్నాడు. ఆయన ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. గొంతులో పొగాకు వాసన ఉంది.

డాక్టరు నిదానస్తుడు. కుడిచేతి వేళ్ళకూ, రెండు కళ్ళకూ కట్లు కట్టించి, ఇరవై రోజులు కదలకుండా ఉండాలన్నాడు. కుడికన్ను సంగతి ఇప్పుడు చెప్పలేను, ఎడమకన్ను మీద ఆశ ఉంది అన్నాడు. ఆశ ఎంత అని అడిగాను. రూపాయికి ఎన్నణాలు అని అడిగితే నవ్వి, కట్లు విప్పేదాకా ఆ లెక్క తనకూ తెలియదన్నాడు.

నా కళ్ళు ఇంటికి ఎందుకు కావాలో చెప్పాలి. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు కొసలను ఒక్కొక్కటిగా అతకాలి. వేలికి బూడిద అద్దుకుని పాత పోగునూ కొత్త పోగునూ కలిపి మెలిపెట్టాలి. మా చీరకు రెండువేల ఏడువందల పోగులు. ఒక్క పోగు పక్కదానితో మారినా బట్టలో గీత పడుతుంది. మా ఇంట్లో ఆ పని నాది. మునెమ్మ చేయి వేగమైనదే గాని దానికి ఓపిక తక్కువ. నేను అతకకపోతే మగ్గం నిలబడిపోతుంది. మగ్గం నిలబడకుండా వాళ్ళు ఏదో ఒక దారి చూసుకుంటారు, నాకు తెలుసు. నేనే నిలబడిపోతాను. ముసలిదానికి అన్నం పెడతారు, మూల చూపిస్తారు, ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. కాని కళ్ళులేని నన్ను పోగు దగ్గరికి రానివ్వరు. నేనైనా రానివ్వను.

కార్తీకం వచ్చింది. చీకటిలో రోజులకు అంచులు ఉండవని నాకు అప్పుడే తెలిసింది. అందుకని లెక్కలు పెట్టుకున్నాను. మంచం నుంచి నీళ్ళగదికి ఇరవై రెండు అడుగులు. కట్టు సందులోంచి చుక్కల మందు రోజుకు ఆరుసార్లు. పొద్దున గంజి తెచ్చే మనిషికి కుడికాలి చెప్పు వదులు. ఈ లెక్కలు అయిపోయాక మిగిలిన పొద్దు నీళ్ళలా నా మీద పారేది. మూసిన కళ్ళలో పోగులు కనిపించేవి. ముక్కుకొండ కొసకు ఒక చివర కట్టి, చిత్తూరు ఆసుపత్రి కిటికీకి ఇంకో చివర కట్టిన పడుగు. మీద ఎండ, కింద ఊళ్ళు. నేను దాని పొడవునా నడుస్తూ తెగిన పోగులు అతుకుతున్నాను. ఎంత నడిచినా నా నీడ నాకు ముందే ఉంది. ఒక్కోసారి ఆ పోగుల మధ్య దేశమ్మ నిలబడి ఉండేది, అరచేయి చాచుకుని. అప్పుడు ఉలిక్కిపడి లేచేదాన్ని. లేచినా చీకటే కనుక, లేచినట్టు తెలియడానికి మంచం పట్టె తడుముకునేదాన్ని.

ఎస్తేరమ్మ అని నర్సు ఉండేది, పాతికేళ్ళ పిల్ల. పలమనేరు దగ్గర పల్లె. నేను పట్టె తడుముకోవడం చూసి మూడోనాడు నా మంచానికి ఒక గుడ్డపీలిక కట్టింది. అది చేతికి తగిలితే మేలుకున్నట్టు లెక్క, తగలకపోతే కలని. ఆ పిల్ల చెప్పినట్టే జరిగిందని అనను గాని, చాలాసార్లు జరిగింది.

శుద్ధ పంచమి నాడు మునెమ్మ వచ్చింది. కిటికీ అవతల నా కొడుకూ కోడలూ గొంతు తగ్గించి పోట్లాడుకున్నారు. గొంతు తగ్గిస్తే కళ్ళు కట్టుకున్నవాళ్ళకు ఇంకా బాగా వినపడుతుందని వాళ్ళకు తోచలేదు. అంగడివాడు ఏది చేతిలో పెడితే అది తెచ్చేయడమేనా అని మునెమ్మ. నువ్వు చూస్తూ ఉన్నదానివి ఎందుకు ఆపలేదని వాడు. తర్వాత మునెమ్మ, "ఆపితే అత్త ఆగుతాదా? నెంబరు సదివింది గదా" అంది.

అది నిజం. రెండు రోజులు ఆ మాట నా దగ్గరే పడుకుంది. మూడోనాడు చెంగల్రాయుణ్ణి పిలిచి ఒక పని చెప్పాను. తిరుపతికి పోయి అదే అంగడిలో అరవయ్యో నెంబరు పెట్టె ఇంకొకటి తేవాలి. తగాదా పడకూడదు. పొయ్యికి దూరంగా, పట్టపగలు, వీధి మధ్యలో అరిటాకు పరిచి, ఇనుము తగలనీయకుండా చెక్కపుల్లతో ఒక్కో బుడ్డి అడుగు తవ్వి, లోపలి మందు ఉప్పుచెంచాతో కొలవాలి. వాడు నాకు మతి చలించిందనుకున్నాడు. ఎస్తేరమ్మను చాటుగా అడిగాడట కూడా. అయినా పోయాడు.

శుద్ధ దశమి నాడు వచ్చి చెప్పాడు. పెట్టెలో పది బుడ్లు. ఒకదాంట్లో రెండు చెంచాల మందు. ఇంకోదాంట్లో నాలుగు. మూడింట్లో ఆరేసి చెంచాలు, వాటి మట్టిగోడ గోరంత పలచన. తక్కినవి రెండుకూ మూడుకూ మధ్య. ఒక్క పెట్టె, ఒక్క నెంబరు, పైకి ఒక్కటే ఎత్తు. లోపల మాత్రం ఒకదానికొకటి సంబంధం లేదు.

"అంగడోణ్ణి అడిగినావా?" అన్నాను.

"అడిగినా. ఆ నెంబరు బుడ్డిది గాదంటమ్మా, అట్టపెట్టెదంట. అరవై అని ఏస్తే పెద్దవనుకోని జనం ఎగబడతారంట. బుడ్లు యాడ దొరికితే ఆడ కొని నింపేదేనంట. వానికి తెలిసిందే ఇది. వాని పిల్లోళ్ళకు ఆ పెట్టె ఇయ్యడంట."

జనం పెద్దవనుకుని కొన్నారు. నేను సన్నవనుకుని ముట్టించాను. పెద్దవనుకున్న వాళ్ళు దూరంగా నిలబడి ఉంటారు కనుక వాళ్ళ ముఖాలు బాగున్నాయి. చిత్తూరు జిల్లాలో ఆ అంకెను తలకిందులుగా చదివేవాళ్ళు సాలెవీధుల్లోనే ఉంటారు. ఆ తప్పు అచ్చు వేసినవాడు ఊహించి ఉండడు. కాని రెండు చెంచాలదాన్నీ ఆరు చెంచాలదాన్నీ ఒకే పెట్టెలో పెట్టి పైన చిన్నపిల్ల బొమ్మ అతికించినవాడికి, ఏదో ఒక రోజు ఏదో ఒక చేయి కాలుతుందని తెలుసు. నా పాలు నాది, వాడి పాలు వాడిది. నేను వాడి పాలు నా మీద వేసుకోను, నా పాలు వాడి మీద వేయను.

అందుకని కొనేవాళ్ళకు చెబుతున్నాను. పెట్టె మీది అంకెను నమ్మవద్దు. నూలుకు నెంబరు ఒక కొలతను బట్టి వస్తుంది, ఎవరు తూచినా ఒకటే వస్తుంది. మందుగుండు మీది నెంబరుకు అట్లాంటి కొలత లేదు. బుడ్డిని అరచేతిలో పెట్టి పక్కదానితో బరువు చూడండి. బరువు తేడా వస్తే రెండూ పక్కన పెట్టండి. బొమ్మలో పిల్ల చేతిలో పట్టుకుందని మీ పిల్ల చేతికి ఇవ్వవద్దు. ముట్టించేవాళ్ళు చేయి చాచాలి గాని నడుము వంచకూడదు.

కార్తీక పున్నమి నాడు దేశమ్మను తీసుకొచ్చారు. మంచం దగ్గరికి రాలేదు. దాని ఊపిరి గుమ్మం దగ్గర వినపడుతోంది. కొబ్బరినూనె వాసన కూడా. పిలవకుండా ఊరుకున్నాను. ఎస్తేరమ్మ గ్లాసు కడుగుతున్న చప్పుడు ఆగిపోయాక అది నెమ్మదిగా వచ్చి, మంచం కోడును పట్టుకున్నట్టుంది, పట్టె కొంచెం కదిలింది.

"అవ్వా, నేను అడక్కుంటే నువ్వు ముట్టిచ్చేదానివి కాదు గదా" అంది.

పదహారు రోజులుగా ఆ పిల్ల ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదని మునెమ్మ చెప్పి ఉంది. ముద్దు చేసి చెబితే నమ్మదు, అది నా మనవరాలు.

"అడిగింది నువ్వు. నెంబరు సదివింది నేను. అడగడం తప్పు గాదు, తప్పు సదవడం తప్పు. నీ పాలు సున్న" అన్నాను.

"సున్నేనా?"

"సున్నే. గోడ మీద రాసి సూసుకో."

గోడ మీద అది నిజంగానే వేలితో ఏదో రాసింది. గీరిన చప్పుడు గుండ్రంగా తిరిగి, మొదలైనచోటే ఆగింది.

బహుళ చవితి నాడు పొద్దున కట్లు విప్పారు. చెంగల్రాయుడు ఉన్నాడు. ముందు కుడికన్ను. దీపం మీద ఎవరో తడిచీర కప్పినట్టు వెలుగు మాత్రం తెలిసింది. మనిషి లేడు, కిటికీ లేదు. వెలుగు ఉందనీ, అంతకు మించి ఏమీ లేదనీ చెప్పాను. డాక్టరు ఇంకాసేపు చూసి, ఇదింతే పెద్దమ్మా అన్నాడు. దాచకుండా చెప్పినందుకు ఆయనంటే గౌరవం కలిగింది.

తర్వాత ఎడమకన్ను. మొదట నీళ్ళు కమ్మాయి. నీళ్ళలో రంగులు ఈదుతున్నాయి, ఇరవై రోజులుగా నేను లోపల చూసిన రంగులే. కల బయటికి వచ్చిందో, నేను ఇంకా లోపలే ఉన్నానో తేలలేదు. డాక్టరు చేయి ఎత్తి వేళ్ళెన్ని అని అడిగాడు. రెండన్నాను. ఇప్పుడో అంటే, మూడన్నాను. చెంగల్రాయుడు దేవుడా అని గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇది లెక్కలోకి రాదు" అన్నాను.

డాక్టరు ఎందుకని అడిగాడు. ఇరవై రోజులుగా గోడ అవతల ఆయన ప్రతి రోగినీ అడగడం వింటున్నాను. మొదట రెండు వేళ్ళు చూపిస్తాడు, తర్వాత మూడు. ఒక్కసారి కూడా మారలేదు. నేను చూసి చెప్పానో, విన్నది గుర్తుండి చెప్పానో నాకే తెలియలేదు. ఒక బట్ట ఇమ్మన్నాను. చెంగల్రాయుడు నా కొంగు అందించాడు. అది నేను పోగులు అతికిన చీర, గోరు వెడల్పుకు ఎన్ని పోగులో గుడ్డిదాన్నైనా చెబుతాను. నాకు తెలియని బట్ట కావాలన్నాను. ఎస్తేరమ్మ తన జేబురుమాలు ఇచ్చింది, సూది కూడా ఇచ్చింది.

కిటికీ దగ్గరికి పోయాను. రుమాలు మీద బొటనవేలి గోరు ఆనించి, గోటి ఈ అంచు నుంచి ఆ అంచుకు సూదిమొన జరుపుతూ లెక్కపెట్టాను. కుడిచేతి వేళ్ళకు ఇంకా కట్టు ఉంది కనుక ఎడమచేత్తో. మొదట పోగులన్నీ ఒకటే మసక. కాసేపటికి ఆ మసకలో సందులు తెరుచుకున్నాయి. ఒక పోగు, పక్కన నీడ. ఒక పోగు, పక్కన నీడ. ముప్పై రెండు వచ్చాయి. గోరు ఉన్నచోట సూదితో రెండు గుర్తులు పెట్టి, రుమాలు ఎస్తేరమ్మ చేతికిచ్చాను.

ఆ పిల్ల వెలుగుకు ఎత్తి పట్టుకుని, పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. దాని ముఖం అప్పుడు మొదటిసారి చూశాను. ఎడమ చెక్కిలి మీద చిన్న మచ్చ ఉంది. ఆ పిల్ల సంకటపడుతోంది.

"ముప్పై ఒకటి పెద్దమ్మా" అంది. తర్వాత గబగబా, "ఒకటేలే, అది తేడానే కాదు" అంది.

చెంగల్రాయుడు నా వైపు చూడలేదు.

"మళ్ళా లెక్కపెట్టు" అన్నాను.

ఎస్తేరమ్మ డాక్టరు వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఈసారి అది సూది తీసుకుని, నా పక్కకు వచ్చి, ఒక్కో పోగు మీద మొన ఆనించి పైకే చెబుతూ వచ్చింది. ఇరవై ఏడు దగ్గర ఆగింది. అక్కడ రెండు పోగులు ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉన్నాయి. సూదిమొనతో వాటిని విడదీసింది.

"ముప్పై రెండు" అంది.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏమి రాశాడని నేను అడగలేదు.